మతిస్థిమితం లేని బంధువు ఆస్తి - మన చేతిలోని అమానతు

ఇంట్లో ఒకరికి మతి స్థిమితం తప్పితే ఆ కుటుంబం పడే బాధ ఇంతా అంతా కాదు. మందులు, ఆసుపత్రులు, నిద్రలేని రాత్రులు, ఇరుగుపొరుగు మాటలు... వీటన్నిటినీ సహనంతో భరించేవారికి అల్లాహ్ వద్ద గొప్ప ప్రతిఫలం ఉంది. అయితే ఇంత సేవ చేసేవారు కూడా రోగి ఆస్తి విషయంలో తరచూ కాలు జారుతుంటారు. "వాడికేం తెలుస్తుంది? చూసుకునేది మేమే కదా!" అన్న ఒక్క మాటతో అతని వాటా ఇతరుల పేర మారిపోతుంది. ఏళ్ళ తరబడి చేసిన సేవను ఒక్క వేలిముద్ర వృథా చేయగలదు. కనుక ఈ విషయంలో షరీఅత్ ఏమంటోంది, దేశ చట్టం ఏమంటోంది తెలుసుకోవటం అవసరం.

తెలివి పోయినా హక్కు పోదు

ఇస్లామీయ ధర్మవేత్తలు మనిషి అర్హతను రెండుగా విభజించారు. ఒకటి, హక్కు కలిగి ఉండే అర్హత. రెండు, లావాదేవీలు జరిపే అర్హత. మతిభ్రమణం వల్ల రెండోది ఆగిపోతుంది. మొదటిది మాత్రం ప్రాణం ఉన్నంతవరకూ ఉంటుంది. నిద్రిస్తున్నవారు మేల్కొనే వరకు, పిల్లలు యుక్తవయస్సుకు చేరే వరకు, మతి తప్పినవారు కోలుకునే వరకు వారి కర్మలు నమోదు కావని దైవప్రవక్త (సల్లం) తెలిపారు. ఇది రోగికి లభించిన మినహాయింపు. అతని సొమ్ము తీసుకునేవారికి ఈ మినహాయింపు లేదు. వారి లెక్క పూర్తిగా నమోదవుతూనే ఉంటుంది.

అన్నిసా సూరాలో వారసత్వ వాటాలను నిర్ణయించిన అల్లాహ్ తెలివి ఉండాలన్న షరతు ఎక్కడా పెట్టలేదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వ్యక్తి మరణించాడు. భార్య, ముగ్గురు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. రెండో కొడుక్కి స్కిజోఫ్రీనియా. అప్పులు, వీలునామా పోగా 40 లక్షల ఆస్తి మిగిలింది. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 5 లక్షలు. మిగిలిన 35 లక్షల్లో ఒక్కో కొడుక్కి 10 లక్షలు, కూతురికి 5 లక్షలు. రోగి అయిన కొడుక్కీ అంతే, 10 లక్షలు. అందులో ఒక్క రూపాయి తగ్గదు. "నా వాటా వదులుకున్నాను" అని అతనితో రాయించుకున్న కాగితం చెల్లదు. ఎందుకంటే వదులుకోవటం అంటే ఏమిటో అతనికి తెలియదు.

నిర్వాహకుడు ఎవరు?

హనఫీ ఫిఖహ్ ప్రకారం మతి తప్పినవారి ఆస్తికి వలీ (సంరక్షకుడు) తండ్రి. ఆయన లేకపోతే ఆయన నియమించిన వసీ (బాధ్యుడు), తర్వాత తండ్రి తండ్రి, ఆయన నియమించిన వసీ, ఆ తర్వాత ఖాజీ. అన్నదమ్ములకు, బాబాయికి, చివరికి తల్లికి కూడా ఆస్తిపై ఈ అధికారం తనంతట తానుగా రాదు. అన్నం పెట్టి చూసుకోవటం వేరు, ఆస్తి అమ్మే అధికారం వేరు.

రోగి అప్పుడప్పుడు పూర్తిగా తేరుకుంటుంటే, తెలివిగా ఉన్న సమయంలో అతను చేసిన లావాదేవీ చెల్లుతుంది. అప్పుడు అతన్ని అడక్కుండా నిర్ణయం తీసుకోకూడదు.

ఖుర్ఆన్ నేర్పే నిర్వహణ

అన్నిసా 5వ ఆయతులో వివేకం లేనివారికి సొమ్ము అప్పగించవద్దని, అయితే దాని నుంచే వారికి తిండి, బట్ట ఇవ్వాలని, వారితో మంచిగా మాట్లాడాలని ఆదేశం ఉంది. సొమ్మును అలా ఉంచి తినేయటం కాకుండా దాన్ని ధర్మసమ్మతంగా వృద్ధి చేసి లాభం నుంచి ఖర్చుపెట్టాలన్న సూచన కూడా ఆ ఆయతు పదాల్లో ఉందని వ్యాఖ్యాతలు వివరించారు. మంచిగా మాట్లాడమన్న మాటను మరువకూడదు. రోగి తన డబ్బు గురించి అడిగితే కసురుకోవటం ఈ ఆదేశానికి విరుద్ధం.

అల్ బఖర 282వ ఆయతు, తెలివి లేనివారి తరఫున వారి సంరక్షకుడు న్యాయంగా పత్రం రాయించాలని చెబుతోంది. అన్నిసా 6వ ఆయతు అనాథల ఆస్తి చూసేవారి గురించి చెబుతూ, కలిగినవారు ప్రతిఫలం తీసుకోకూడదని, పేదవారు ధర్మసమ్మతంగా తీసుకోవచ్చని, సొమ్ము అప్పగించేటప్పుడు సాక్షులను ఉంచాలని బోధిస్తోంది. తన సొమ్మును తాను కాపాడుకోలేని రోగికీ ఈ నియమాలే వర్తిస్తాయి.

రోగి సొమ్ముతో దానధర్మాలు చేయటం, మస్జిదుకు వక్ఫ్ చేయటం, ఇతరులకు కానుకలివ్వటం సంరక్షకునికి అనుమతి లేదు. జకాత్ విషయంలో అభిప్రాయభేదం ఉంది. హనఫీల ప్రకారం ఏడాదంతా మతి లేని స్థితిలోనే ఉన్నవారి డబ్బు, బంగారంపై జకాత్ లేదు. షాఫయీ, మాలికీ, హంబలీ ధర్మవేత్తల ప్రకారం ఉంది. అప్పుడు సంరక్షకుడే చెల్లించాలి.

దేశ చట్టం మాటేమిటి?

మన దేశంలో ఖాజీకి ఈ నియామకం చేసే అధికారం లేదు. 1880 నాటి ఖాజీల చట్టమే వారికి న్యాయాధికారం ఇవ్వటం లేదని స్పష్టం చేసింది. కాబట్టి ఖాజీ సాహెబ్ రాసిచ్చిన కాగితంతో భూమి రిజిస్ట్రేషన్ చెల్లదు. ఆ స్థానంలో కోర్టు ఉంది.

1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో రోగి ఆస్తికి జిల్లా కోర్టు మేనేజరును నియమించే ఏర్పాటు ఉండేది. దాని స్థానంలో 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన 2017 చట్టంలో ఆ ఏర్పాటు లేదు. ఈ చట్టం కింద నియమించే ప్రతినిధి చికిత్స విషయంలోనే నిర్ణయాలు తీసుకోగలడు. అతనికి ఆస్తితో సంబంధం లేదు. పైగా మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన మనిషిని మతిలేనివాడని అనరాదని, అది కోర్టు తేల్చాలని ఈ చట్టం చెబుతోంది.

ప్రస్తుతం ఉన్న దారులు ఇవి:

1. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ సంరక్షకుని నియమిస్తుంది. అతను 6 నెలల్లో ఆస్తుల జాబితా, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లో లెక్కలు సమర్పించాలి.

2. మానసిక వ్యాధి ఉన్నవారికి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షను కింద జిల్లా కోర్టు లేక ప్రభుత్వం నిర్ణయించిన అధికారి 'పరిమిత సంరక్షకుని' నియమించవచ్చు. అతని అధికారం నిర్ణీత పనికి, నిర్ణీత కాలానికే. రోగి ఇష్టాన్ని కూడా గౌరవించాలి.

3. ఈ దారులు సరిపోనప్పుడు, ఉదాహరణకు మనిషి కోమాలో ఉంటే, రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టును ఆశ్రయించాలి. ఇటువంటి కేసుల కోసం కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది.

చాలామంది పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే చాలనుకుంటారు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం రాసిచ్చిన వ్యక్తికి మతి తప్పితే ఆ అధికారం రద్దవుతుంది. మతి లేనప్పుడు రాయించుకున్నదైతే మొదటి నుంచీ చెల్లదు.

వికలాంగులకు, మానసిక వైద్యశాలలో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రభుత్వ మానసిక వైద్యుని ధ్రువపత్రం, వైకల్య ధ్రువపత్రం, ఆస్తి పత్రాలు, మిగతా వారసుల సమ్మతి పత్రాలు ముందుగా సిద్ధం చేసుకోవాలి.

ఇంటివారు చేయవలసినవి

- రోగి వాటాకు విడిగా బ్యాంకు ఖాతా ఉండాలి. అద్దె, కౌలు డబ్బు అందులోనే జమ చేయాలి.
- ప్రతి ఖర్చుకూ రశీదు దాచాలి. ఏడాదికోసారి మిగతా వారసులను కూర్చోబెట్టి లెక్క వినిపించాలి.
- అతని వైద్యం, పోషణ ముందు అతని ఆస్తి నుంచే జరపాలి. ఆస్తి లేకపోతే ఆ భారం బంధువులదే. వారసులపైనా పోషణ బాధ్యత ఉందని అల్ బఖర 233వ ఆయతు గుర్తుచేస్తోంది. రేపు అతని వారసులుగా నిలబడేవారు ఈనాడు అతని ఆకలికి ముఖం చాటేయటం తగదు.
- "మా తర్వాత వీడి గతేమిటి?" అని కుమిలిపోయే తల్లిదండ్రులు బతికుండగానే నమ్మకస్తుని వసీగా నిర్ణయించి, సాక్షుల ఎదుట రాసి ఉంచాలి. కోర్టు ఉత్తర్వు కోసం ప్రయత్నం కూడా అప్పుడే మొదలుపెట్టాలి.

ప్రియ సోదర సోదరీమణులారా! తన సొమ్ము లెక్క అడగలేని ఆ మనిషి తరఫున ప్రళయదినాన అల్లాహ్ లెక్క అడుగుతాడు. ఆనాడు చూపించదగిన లెక్కపుస్తకం ఈనాడే రాయటం మొదలుపెడదాం. బలహీనుల హక్కులను కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.