తెనాంగో కుట్టు: ఒక తొలిపాఠం

ఎంబ్రాయిడరీ అనగానే తీరుబడి ఉన్నవాళ్ళ కాలక్షేపమని మనలో చాలామంది అభిప్రాయం. మెక్సికో దేశపు తెనాంగో కుట్టు సంగతి వేరు. ఇడాల్గో రాష్ట్రంలోని తెనాంగో దె దోరియా కొండప్రాంతంలో ఒతోమీ జాతివారు సేద్యం మీద బ్రతికేవారు. 1960లలో కరువు వచ్చి పంటలు పోయినప్పుడు, తమ దుస్తుల మీద వేసుకునే కుట్టును అక్కడి స్త్రీలు గుడ్డల మీద వేసి అమ్మసాగారు. అనంతపురం జిల్లా మెట్టరైతు బిడ్డను గనుక నాకా మాట మనసుకు పట్టింది. వేసవి సెలవుల్లో సూది చేతబట్టాను. "ఇది కూడు పెడుతుందా నాయనా?" అంది అమ్మ. "అక్కడ పెట్టిందమ్మా" అన్నాను.

కావలసినవి కొద్దే. కోరా గుడ్డ, సూది, ఆరు పోగుల నూలు దారం, గుడ్డ బిగించే ఫ్రేము. ముందు పెన్సిలుతో బొమ్మ గీసుకోవాలి. వాళ్ళ గుడ్డల నిండా పక్షులు, జింకలు, కుందేళ్ళు, పూలే.

ఒక పక్షి రెక్కను తీసుకుందాం. ఎడమ కొసన, క్రింది అంచులో సూదిని పైకి తీయండి. దారాన్ని కుడివైపుకు ఏటవాలుగా పై అంచుకు నడిపించి, అక్కడ కుడి నుంచి ఎడమకు కొద్దిపాటి గుడ్డను మాత్రమే సూదితో ఎత్తండి. మళ్ళీ ఏటవాలుగా క్రింది అంచుకు రండి. అక్కడా అంతే. ఒక్కో అంచున ఈ చిన్నకుట్లు ఒకదానినొకటి ఆనుకుని సాగాలి. పైన రెక్క నిండుతుంది, వెనుక రెండు సన్నని గీతలే కనిపిస్తాయి.

సైన్సు విద్యార్థిని కదా, లెక్క కట్టాను. రెక్క వెడల్పు 6 మిల్లీమీటర్లు, చిన్నకుట్టు 2 మిల్లీమీటర్లు అనుకుందాం. ప్రతి ఏటవాలు కుట్టు 3 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. పైథాగరస్ సూత్రం ప్రకారం దాని పొడవు సుమారు 6.7. అంటే వాడిన దారంలో వెనుక దాగేది నాలుగోవంతు కూడా లేదు. మామూలు శాటిన్ కుట్టులోనైతే సగం దారం వెనకాలే ఉండిపోతుంది.

మరొక్క మాట. ఇటువంటి కళారూపాలు ఆ జాతుల ఉమ్మడి సొత్తని చెబుతూ మెక్సికో 2022లో చట్టం చేసింది. కనుక మిత్రులారా, కుట్టు వాళ్ళ దగ్గర నేర్చుకుందాం. బొమ్మకు మాత్రం మన చేలగట్ల మీది పాలపిట్ట ఉండనే ఉంది.