అజేలియా బోన్సాయ్: తల తుంచకండి, కింది కొమ్మలు కత్తిరించండి

కూరగాయల మడుల పక్కన ఈ పూల కుండీ ఏంటని చాలామంది అడిగారు. ఊటీ నుంచి రెండు అజేలియా మొక్కలు తెచ్చుకున్నాను.

మొదటిదాన్ని నేనే పాడుచేశాను. మునగ తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి కదా, ఆ అలవాటుతో దీనికీ తుంచేశాను. అజేలియా తీరు వేరు, బలమంతా అడుగునే ఉంటుంది. కింది కొమ్మలు లావెక్కాయి, పైభాగం ఎండిపోయింది. పైగా బోరు నీళ్లు పోశాను. ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. దీనికి ఆమ్ల గుణం ఉన్న మట్టే కావాలి. సున్నం పడదు, మనం అలవాటుగా చల్లే బూడిద కూడా వద్దు. ఇప్పుడు పట్టి ఉంచిన వాన నీళ్లే పోస్తున్నాను.

రెండోదానికి ముందు మొదలు దగ్గర పైమట్టి తీసి చూశాను. కాండం సహజంగానే వంకర తిరిగి ఉంది. అందుకే జపాన్ వాళ్లు మోయోగి అనే పద్ధతి ఎంచుకున్నాను, అంటే వంపులు తిరుగుతూ పైకి లేచే చెట్టు. పూలు వాడగానే కింది కొమ్మలు బాగా కత్తిరించి, పై చిగుళ్లు వదిలేశాను. ఆలస్యం చేస్తే వచ్చే ఏటి మొగ్గలు పోతాయి.

కొమ్మ మహా పెళుసు, ఒక్కసారే వంచితే చీలిపోతుంది. అల్యూమినియం తీగ చుట్టి కొంచెం కొంచెంగా వంచాలి. ఎలా చుట్టాలో కింది వీడియోలో చూడండి. తీగ బెరడులో దిగబడకముందే విప్పేయండి.