చేప ఒంటిమీద తెల్ల చుక్కలా? ముందు నీళ్లు, తర్వాతే మందు

చలికాలంలో ఒక పొద్దున లైటు వేసి చూస్తే, నిన్నటిదాకా చురుగ్గా తిరిగిన మోలీ చేప గులకరాళ్లకు ఒళ్లు రాసుకుంటూ కనిపిస్తుంది. తోక మీద, రెక్కల మీద సన్నటి ఉప్పు రవ్వలు అద్దినట్టు చుక్కలు. కంగారులో దుకాణానికి పరుగెత్తి, దొరికిన రెండు మూడు మందులూ కలిపి పోసేయకండి. ఒక్క అరగంట తొట్టి ముందు కూర్చోండి.

మొదట చూడండి. చేపలన్నీ ఒకేసారి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది చాలావరకు నీళ్ల తంటా, అంటే అమ్మోనియా పెరగడమో ప్రాణవాయువు తగ్గడమో. చుక్కలు విడివిడిగా, గసగసాలంత ఉంటే తెల్లచుక్కల జబ్బు, చేపల పెంపకందారులు ‘ఇక్’ అనేది. గది చీకటి చేసి పక్కనుంచి టార్చి వేసినప్పుడు బంగారు పొడి చల్లినట్టు మెరిస్తే అది వెల్వెట్, వేరే జబ్బు. మూతి చుట్టూ దూదిలా పట్టి ఉంటే బ్యాక్టీరియా పని కావచ్చు. అప్పుడు నీళ్లు వేడి చేస్తే ముదురుతుంది. ఇంకొక్క మాట: మగ గోల్డ్‌ఫిష్‌కు జతకట్టే కాలంలో మొప్పల కప్పుల మీద తెల్లటి బొడిపెలు వస్తాయి. అది జబ్బు కాదు, దాని జోలికి పోకండి.

తర్వాత నీళ్లు పరీక్షించండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. లేకపోతే పావు వంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలిపి, తొట్టి నీళ్లంత వెచ్చగా చేసి పోయండి. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగవద్దు. అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే జాడించండి.

ఇప్పుడు వైద్యం. ఈ జబ్బు ఎందుకు మొండిదో తెలిస్తేనే సరిగ్గా చేయగలం. కనిపించే చుక్క చేప చర్మం కింద దాక్కున్న పరాన్నజీవి. అక్కడ దాన్ని ఏ మందూ ముట్టుకోదు. బాగా తిని బలిసి రాలిపోయి, అడుగున గులకరాళ్లకు అంటుకుని, పైన పొర కట్టుకుని, లోపల వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు చేపను వెతుక్కుంటూ ఈదే కొద్ది సమయమే మనకు దొరికే అదను. నీళ్లు వెచ్చగా ఉంటే ఈ చక్రం వారం లోపే తిరుగుతుంది, చల్లగా ఉంటే వారాలు సాగుతుంది. వేడి పెంచేది అందుకే.

హీటరుతో కొన్ని గంటలకు ఒక డిగ్రీ చొప్పున 29 లేదా 30 సెంటీగ్రేడుకు తీసుకెళ్లండి. వెచ్చటి నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపు రాత్రీ పగలూ ఆడాలి. దాంతోపాటు అయోడిన్ కలపని ఉప్పు, లీటరుకు 2 గ్రాములు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టి లెక్కకు 54 లీటర్లు. రాళ్లూ ఖాళీ పోను 45 అనుకుంటే 90 గ్రాములు. మగ్గులో కరిగించి, ఒకరోజులో మూడు విడతలుగా పోయండి. నీళ్లు మార్చినప్పుడు తీసిన నీళ్లకు సరిపడా ఉప్పే మళ్లీ వేయాలి.

గప్పీలు, మోలీలు ఈ ఉప్పును బాగానే తట్టుకుంటాయి. కోరిడోరాస్, లోచ్ ఉన్న తొట్టికీ, సున్నితమైన మొక్కలున్న తొట్టికీ ఈ పద్ధతి వద్దు. అక్కడ మలకైట్ గ్రీన్ ఉన్న మందు వాడాల్సి వస్తే సీసా మీద ఆ చేపలకు రాసిన మోతాదే వేయండి, చేతికి గ్లవ్స్ తొడగండి, ఫిల్టరులో బొగ్గు ఉంటే తీసేయండి. అది మందును పీల్చేస్తుంది.

చాలామంది ఓడిపోయేది చివర్లో. నాలుగో రోజుకు చుక్కలు రాలిపోయి చేప నిగనిగలాడుతుంటుంది, తగ్గిపోయిందని ఆపేస్తారు. అదే సమయానికి అడుగున పొరలు చిట్లుతుంటాయి. చివరి చుక్క పోయాక ఇంకో వారం కొనసాగించండి. మధ్యలో రెండు మూడు రోజులకోసారి గొట్టంతో అడుగు మట్టి లాగేయండి, మేత సగానికి తగ్గించండి.

తర్వాత ఉప్పు ఆవిరైపోదు, నీళ్లు మారుస్తూనే తగ్గించాలి. వేడినీ మెల్లగానే దించండి. ఇకమీదట కొత్త చేప కొంటే మూడు వారాలు వేరే టబ్బులో, వేరే వలతో ఉంచాకే పెద్ద తొట్టిలోకి వదలండి.