ఘాట్ దిగే బండికి బ్రేకు ఒక్కటే చాలదు



సెలవులిస్తే మనలో చాలామందిమి మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీదనే ఇళ్ళకు పోతాము. జీపు ఎక్కుతాం, పాటలు పాడతాం, నిద్రపోతాం. బండి ఎట్లా ఆగుతుందో ఎప్పుడూ ఆలోచించం. చలన సమీకరణాల పాఠం విన్నాక నాకు ఆ ఆలోచన వచ్చింది. జీపు తోలే మా మావయ్యను కూడా అడిగి ఇది రాస్తున్నాను.

2015 జూన్‌లో ధవళేశ్వరం బ్యారేజీ మీద నుంచి యాత్రికుల బండి కింద పడి 22 మంది చనిపోయారు. ఒక్క అబ్బాయే బతికాడు. 2019 అక్టోబరు 15న మారేడుమిల్లి - చింతూరు ఘాట్‌లో వాల్మీకి కొండ దగ్గర యాత్రికుల బస్సు లోయలో పడి 8 మంది చనిపోయారు. ఒకటి చదును రోడ్డు, ఒకటి కొండ రోడ్డు. జాగ్రత్త రెండుచోట్లా కావాలి.

1. బండి ఎంత దూరంలో ఆగుతుంది?
గంటకు 36 కి.మీ. అంటే సెకనుకు 10 మీటర్లు. ఎదురుగా ఆవును చూసి డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టేసరికి ఒక సెకను పడుతుంది అనుకుందాం. అప్పటికే 10 మీటర్లు పోయింది. బ్రేకు వల్ల వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గితే ఇంకో 10 మీటర్లు. మొత్తం 20. అదే 72 కి.మీ. వేగమైతే 20, 40 కలిపి 60 మీటర్లు! వేగం రెట్టింపయితే బ్రేకు దూరం నాలుగింతలు. వాన పడితే ఇంకా ఎక్కువ.

2. దిగుడులో బ్రేకు ఎందుకు పట్టదు?
అరచేతులు రుద్ది చూడండి, వేడెక్కుతాయి. బ్రేకు కూడా అంతే. దిగుడు పొడుగునా తొక్కుతూనే ఉంటే బాగా కాలిపోయి పట్టు తగ్గుతుంది. అందుకే ఎక్కిన గేరులోనే దిగాలి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు ఉండదు. "డీజిలు కలిసొస్తదని అట్టా దించుతారు. ప్రాణం కలిసొస్తదా?" అన్నాడు మావయ్య.

3. స్టీరింగు
వేగం మలుపుకు ముందే తగ్గించాలి. మలుపులో బ్రేకు ఒక్కసారిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి జారుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా జడత్వం వల్ల తిన్నగానే పోతుంది. బ్రేకు కొంచెం వదిలితే చక్రాలు తిరిగి, బండి మాట వింటుంది. కొత్త బండ్లలో ఏబీఎస్ ఈ పని చేస్తుంది. పాత జీపులకు అది లేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉండాలి. మలుపులో హారను కొట్టాలి. ఎక్కే బండికి దారి ఇవ్వాలి.

4. మనం ఏం చెయ్యాలి?
పోయిన సెలవుల్లో నేను ఎక్కిన జీపులో డ్రైవరుకు రెండు పక్కలా మనుషులే. ఒక పక్క నేనే ఇరుక్కుని కూర్చున్నా. మలుపులో ఆయన మోచెయ్యి నాకు తగిలి స్టీరింగు సగమే తిరిగింది. బండి అంచు దాకా పోయి ఆగింది. తప్పంతా డ్రైవరుదే అనుకున్నాను. నేను కూర్చున్న చోటు కూడా తప్పేనని ఇప్పుడు తెలిసింది.

కాబట్టి డ్రైవరుకు ఆనుకుని కూర్చోవద్దు. ఆయనకు కునుకు వస్తుంటే బండి ఆపమనండి. "చిన్నపిల్లవి, నీకేం తెలుసు" అంటే పై లెక్క చెప్పండి. వార్డెన్ గారూ, సెలవులిచ్చే రోజు ఒక్కో జీపులో ఎంతమంది ఎక్కుతున్నారో గేటు దగ్గర చూడాలని మా మనవి.

లెక్క: గంటకు 54 కి.మీ. వేగంతో పోయే జీపు ఎంత దూరంలో ఆగుతుంది? (జవాబు: 37.5 మీటర్లు)

- 9వ తరగతి విద్యార్థిని