ఎన్‌డీఏ సీటొస్తే సరిపోదు... మొదటి ఏడాది నిలదొక్కుకోవాలి!

‘రాత పరీక్ష పాసైతే చాలు సార్, మిగతాదంతా అకాడమీ వాళ్లే నేర్పించుకుంటారు.’ తిరుపతి, చిత్తూరు, మదనపల్లె... ఎక్కడ తల్లిదండ్రులతో మాట్లాడినా ఇదే మాట. కలికిరిలో 2014లో సైనిక్ స్కూల్ వచ్చాక సైన్యంలో ఆఫీసర్ కొలువు మీద మన ప్రాంతంలో ఆసక్తి పెరిగింది. సంతోషమే. కానీ నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)ని కూడా జేఈఈ, నీట్‌ల లెక్కన ర్యాంకుల వ్యవహారంగా చూస్తున్నారు. పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో శిక్షణ మూడేళ్లు, ఆరు టర్మ్‌లు. పిల్లలు ఎక్కువగా కుదేలయ్యేది మొదటి రెండు టర్మ్‌ల్లోనే. వాటికి సిద్ధం కావలసింది ఇంటి దగ్గరే, ఇంటర్ చదివే రోజుల్లోనే.

అర్హతలు సులభమే: పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల వయసు, అవివాహితులై ఉండాలి, ఇంటర్ ఉండాలి, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు ఎంపీసీ తప్పనిసరి. 2022 నుంచి అమ్మాయిలకూ ప్రవేశం ఉంది.

ఒళ్లు వంచడం ఇప్పుడే మొదలుపెట్టాలి

15 నిమిషాల్లో 2.4 కిలోమీటర్ల పరుగు, 20 పుషప్స్, 20 సిటప్స్, 8 చినప్స్, మూడు నాలుగు మీటర్లు తాడు ఎక్కడం... అబ్బాయిలు ఈపాటి దేహదారుఢ్యంతో రావాలని యూపీఎస్సీ నోటిఫికేషన్‌లోనే సూచిస్తారు. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, గ్రౌండే లేని హాస్టల్... ఇలా రెండేళ్లు గడిపిన కుర్రాడు వీటిలో ఎన్ని చేయగలడు? చేరే నెల ముందు హడావిడిగా పరుగులు పెట్టిస్తే కాలి ఎముకల్లో సన్నని పగుళ్లొస్తాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లు పరుగున ఎక్కించి మురిసిపోకండి. ఆరు నెలల ముందు నుంచి, వారానికి కొంచెం కొంచెం పెంచుతూ మట్టి గ్రౌండ్‌లో పరిగెత్తించండి. శిక్షణలో గాయపడి, వైద్య కారణాలతో అకాడమీల నుంచి ఇంటికి చేరిన క్యాడెట్ల దుస్థితిని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. శరీరాన్ని తేలిగ్గా తీసుకోవద్దనడానికి ఇంతకంటే హెచ్చరిక ఏం కావాలి?

ఈత తప్పనిసరి. బావులు ఎండి బోర్లు వచ్చాక మన పల్లెల్లో ఈత వచ్చిన పిల్లలు తగ్గిపోయారు. సెలవుల్లో శిక్షకుడి దగ్గర నేర్పించండి. ప్రొటీన్ పొడుల డబ్బాలకు డబ్బు తగలేయొద్దు. సంగటి, చెనక్కాయలు, గుడ్లు, పప్పు చాలు.

అక్కడా చదువు ఆగదు

తెల్లవారకముందే లేచి పీటీ, డ్రిల్ చేసి, ఆ అలసటతోనే క్లాసులో కూర్చోవాలి. చివర్లో చేతికొచ్చేది జేఎన్‌యూ డిగ్రీ. చదువులోనో శారీరక పరీక్షల్లోనో వెనకబడితే కింది టర్మ్‌కు దించుతారు. బోధన ఇంగ్లిష్‌లోనే. బిట్లు బట్టీ పట్టినవాళ్లు అక్కడ తడబడతారు. రోజూ ఇంగ్లిష్ పేపర్‌లో ఒక సంపాదకీయం చదివి, అందులో ఏముందో ఇంట్లోవాళ్లకు సొంత మాటల్లో చెప్పడం అలవాటు చేయండి. పైసా ఖర్చు లేదు.

మనసు గట్టిపడాలంటే...

పక్క సర్దుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, బూట్లు పాలిష్ చేసుకోవడం, చెప్పిన నిమిషానికి హాజరు కావడం... మొదటి వారాల్లో పిల్లల్ని ఏడిపించేవి ఇవే. ఇష్టమొచ్చినప్పుడు అమ్మకు ఫోన్ చేసే వీలుండదు. తప్పు చేస్తే పదిమందిలో మాట పడాలి. ‘నువ్వు చదువుకో నాయనా, ప్లేటు నేను తీస్తాలే’ అనే తల్లి ప్రేమతోనే బిడ్డను బలహీనుణ్ని చేస్తోంది. జట్టు ఆటలు ఆడనివ్వండి. ఓడిపోనివ్వండి.

కోచింగ్ ఉచ్చు

రాత పరీక్షకు 900 మార్కులు, సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఎంపికకు మరో 900. ‘ఎస్‌ఎస్‌బీ గ్యారంటీ’ అనే బోర్డు కనిపిస్తే ఆ మెట్లు ఎక్కకండి. అయిదు రోజుల ఎంపికలో సైకాలజిస్టు, గ్రౌండ్ పరీక్షల అధికారి, ఇంటర్వ్యూ అధికారి ఎవరికి వారే అంచనా వేసి చివరి రోజు ఒకచోట కూర్చుంటారు. నేర్పించిన కథలు, కంఠతా పట్టిన జవాబులు అక్కడ ఒకదానితో ఒకటి పొసగవు. సైనిక్ స్కూల్ ఆరో తరగతి పరీక్ష కోసం పదేళ్ల పిల్లల్ని ఇల్లు విడిపించి కోచింగ్ హాస్టళ్లలో పడేయడం మరీ అన్యాయం. ఆ పరీక్ష తెలుగులోనే రాయొచ్చు. స్కూలు పాఠాలు, ఇంట్లో రోజూ గంట లెక్కలు చేయిస్తే సరిపోతుంది. సైనిక్ స్కూల్లో సీటొచ్చినా ఎన్‌డీఏకు అందరితో పాటే పోటీ పడాలి.

మరో దారి

ఇంటర్‌లోనే తేలిపోవాలన్న తొందర వద్దు. అంతగా సిద్ధపడని పిల్లలకు నేనిచ్చే సలహా ఒకటే: మంచి డిగ్రీ కాలేజీలో చేరి, ఎన్‌సీసీలో ‘సి’ సర్టిఫికెట్ తెచ్చుకోండి. డిగ్రీతో కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ (సీడీఎస్) పరీక్ష రాయొచ్చు. ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో అయితే రాత పరీక్ష లేకుండానే ఎస్‌ఎస్‌బీకి వెళ్లొచ్చు. మనకు దగ్గర్లోనే చెన్నైలో ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ ఉంది. మూడేళ్లు పెద్దవాడై వెళ్లిన కుర్రాడు ఆ శిక్షణను మరింత నిబ్బరంగా తట్టుకుంటాడు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. దరఖాస్తు నింపే ముందు ‘నీకిది నిజంగా ఇష్టమేనా?’ అని బిడ్డను అడగండి. కాదంటే అక్కడితో ఆపేయండి. అవునంటే కోచింగ్ ఫీజు పక్కనపెట్టి, రేపు పొద్దున అయిదింటికి వాడితోపాటు మీరూ గ్రౌండ్‌కు వెళ్లండి.