గుండె సీటీ: కాల్షియం స్కోరు ఏం చెబుతుంది?

సూరత్ జిల్లాలోని పల్సానా తాలూకా బట్టల మిల్లులకు పేరు. సూరత్ మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలెన్నో. అలాంటి కార్మికుల్లో బీపీ, షుగర్, పొగాకు అలవాటు ఉన్నవారికి నొప్పి తెలియకుండానే గుండె రక్తనాళాల్లో పూడిక పేరుకుపోవచ్చు. ఆ ముప్పును ముందే అంచనా వేసేది కరోనరీ కాల్షియం సీటీ.

ఇందులో ఇంజెక్షన్ ఉండదు. ఈసీజీ లయకు అనుగుణంగా, ఊపిరి బిగబట్టిన కొద్ది క్షణాల్లో చిత్రాలు తీస్తారు. 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు, అంతకు మించిన సాంద్రత ఉన్న మచ్చలను కాల్షియంగా లెక్కిస్తారు (ఈ కొలమానంలో నీటి విలువ 0, గాలిది -1000). మచ్చ వైశాల్యాన్ని సాంద్రత గుణకంతో హెచ్చిస్తే వచ్చేదే అగాట్‌స్టన్ స్కోరు. 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్ బృందం దీన్ని ప్రకటించింది. స్కోరు 0 అయితే ముప్పు చాలా తక్కువ. 100 దాటితే సాధారణంగా స్టాటిన్ మందులు సూచిస్తారు. 400 దాటితే ముప్పు ఎక్కువ.

చాలామంది తరచూ తికమకపడేది ఇక్కడే: సీటీ యాంజియోగ్రామ్ వేరు. దానికి అయోడిన్ ద్రవం ఎక్కించాలి. కాల్షియం పట్టని మెత్తని పూడికలూ అందులో కనిపిస్తాయి. స్కాట్లాండ్‌లో 4,146 మందిపై జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనంలో (2018) మామూలు వైద్యానికి ఈ పరీక్షను జోడించినవారిలో గుండెపోటు, గుండెజబ్బు మరణాలు ఐదేళ్లలో 2.3 శాతం, మిగిలినవారిలో 3.9 శాతం.

ఈ రెండు పరీక్షలకూ మూలమైన సీటీ ఆవిష్కరణకు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్, అలన్ కార్మాక్‌లకు 1979లో వైద్య నోబెల్ దక్కింది.

ఛాతీ నొప్పి మొదలైనవారు మాత్రం స్కోరు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.