పటానికి కాదు, శబద్‌కు తల వంచుదాం



మన ఇళ్ళలో గోడమీద గురు నానక్ దేవ్ జీ, గురు గోబింద్ సింగ్ జీ పటాలు ఉంటాయి. ఇరుగుపొరుగు వాళ్ళను చూసి కొందరం వాటికి దండ వేస్తాం, బొట్టు పెడతాం, అగరుబత్తి వెలిగిస్తాం. "అందరూ పటానికి మొక్కుతారు కదా, మనం మొక్కితే తప్పేంటి?" అని పిల్లలు అడుగుతారు. గురుమత్ ఏం చెబుతుందో చూద్దాం.

పటం ఎక్కడిది?

చెయ్యెత్తి దీవిస్తున్న గురు నానక్ జీ పటం మనందరికీ తెలుసు. దాన్ని గీసింది చిత్రకారుడు శోభా సింగ్. 1969లో, గురువుగారి 500వ జయంతి సమయంలో గీశారు. గురువుగారు 1539లోనే జోతీ జోత్ సమాయారు. కాబట్టి అది చిత్రకారుడు భక్తితో ఊహించుకున్న ముఖం. దాన్ని చూసి సాఖీ గుర్తు తెచ్చుకోవచ్చు. కానీ అది గురువు కాదు. 1708లో నాందేడ్‌లో దశమ గురువు గురుగద్దీని గ్రంథ్ సాహిబ్‌కే అప్పగించారు. అందుకే గురుద్వారాలో విగ్రహాలు పెట్టకూడదని, గురువుల పటాలకు మొక్కకూడదని రెహత్ మర్యాద చెబుతుంది.

మరి కళ వద్దా?

అలా కాదు. గురు నానక్ జీ పాడితే భాయీ మర్దానా రబాబ్ వాయించారు. గురువాణిని 31 ప్రధాన రాగాల్లో కూర్చారు. హర్‌మందిర్ సాహిబ్ గోడలమీద పూలు, లతలు, రంగురాళ్ళ పొదుగు, బంగారు రేకులు ఉన్నాయి. ఇంత అందం మధ్య పీఠంమీద ఉన్నది గురు గ్రంథ్ సాహిబ్ ఒక్కటే. కళ గురువుకు సేవ చేస్తుంది, గురువు గద్దె ఎక్కదు.

మన పనిలోనే జవాబు ఉంది

సికిల్ అంటే మెరుగు పెట్టడం. గురువుల ఫౌజుకు ఆయుధాలు చేసినవాళ్ళం అని మన పెద్దలు చెబుతారు. తుప్పు పట్టిన కత్తికి దండ వేస్తే పదును వస్తుందా? సాన పట్టాలి. మనసు కూడా అంతే. దాని తుప్పు వదిలించేది బాణీ.

ఏం చేద్దాం?

పటాన్ని శుభ్రంగా ఉంచుదాం. పిల్లలకు సాఖీ చెబుదాం. రోజూ పొద్దున్నే ఇంటిల్లిపాదీ కూర్చుని జప్‌జీ సాహిబ్ చదువుదాం. నానమ్మ పటానికి దండ వేస్తే కసురుకోవద్దు. పక్కన కూర్చుని బాణీ వినిపిద్దాం.

ప్రశ్నలు

1. గురుగద్దీ ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ అప్పగించారు?
2. పటాన్ని గౌరవించడానికీ, మొక్కడానికీ తేడా ఏమిటి?
3. మీ ఇంట్లో ఈ వారం ఏ బాణీ చదివారు?